కర్నూలు నుంచి గువ్వలచెరువు దాకా కరెంటు బండిలో

సోమవారం, కర్నూలు – నంద్యాల

మా మేనల్లుడిది కడప. ఏళ్ల తరబడి డీజిల్ మినీ ట్రక్కు బాడుగకు తిప్పి, ఈ ఉగాదికి దాన్ని అమ్మేసి ఎలక్ట్రిక్ బండి కొన్నాడు. ఫైనాన్స్‌కు ష్యూరిటీ సంతకం నాది, అందుకే బండి కర్నూలులో తీసుకున్నాం. నావీ రెండు పికప్‌లు కర్నూలు అడ్డాలో తిరుగుతున్నాయి. ఈ పని మీదే బతికినవాణ్ని కాబట్టి, కొత్త బండి మీద వాడి సంసారం నిలబడుతుందా లేదా అన్నది నాకు మామూలు విషయం కాదు.

నేరుగా కడపకు తోలుకుపోతే రెండు వందల కిలోమీటర్లు. అయితే ఏ లోడుకు ఎంత చార్జ్ తింటుందో చూసుకోకుండా అక్కడ బాడుగలు ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. అనంతపురం మీదుగా చుట్టు తిరిగి, నాకు తెలిసిన పార్టీల సరుకు వేసుకుంటూ పోదామన్నాను. "నువ్వు పక్కన కూర్చుంటే నాకు ధైర్యం మామా" అన్నాడు.

బండిలో 21 యూనిట్ల పైచిలుకు బ్యాటరీ ఉంది. మోసేది టన్ను. పచ్చ నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటే అది బాడుగకు తిరిగే కరెంటు బండి అని గుర్తు. 2018 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో ఇలాంటి బండ్లకు పర్మిట్ అవసరం తప్పింది. మన రోడ్ల మీద చిన్న సరుకు బండి అంటే 2005లో వచ్చిన టాటా ఏస్. దాని ఎలక్ట్రిక్ రకం 2022 మేలో 600 కిలోల మోతతో వచ్చింది, 2024 మేలో టన్ను మోసేది వచ్చింది. అదే ఏడు అక్టోబరులో మహీంద్రా వాళ్ల జియో (ZEO) అనే ఎలక్ట్రిక్ సరుకు బండి దిగింది. కాగితం మీద ఈ తరహా బండ్లన్నీ ఒక్క చార్జికి 150, 160 కిలోమీటర్లు పోతాయి. ఆ లెక్క పరీక్షలో వచ్చినది. మన లెక్క మన రోడ్డు మీద తేలాలి.

పొద్దున్నే కిరాణా సరుకు, టన్నుకు కాస్త తక్కువ, వేసుకుని నంద్యాల చెక్‌పోస్టు దాటాం. ఓర్వకల్లు దాకా రోడ్డు కొంచెం కొంచెంగా మిట్ట ఎక్కుతూనే ఉంటుంది. కూర్చున్నవాళ్లకు తెలియదు, మీటరుకు తెలుస్తుంది. గని, శకునాల ఊళ్ల వైపు దాదాపు 6 వేల ఎకరాల్లో పరుచుకున్న సోలార్ పార్కు ఇక్కడే. వెయ్యి మెగావాట్లు. అంత ఎండ కరెంటు పుట్టే చోటు పక్కనుంచి కరెంటు బండిలో పోతుంటే నాకు నిజంగా సంతోషం వేసింది.

నంద్యాలలో సరుకు దించేసరికి చార్జ్ వందలో 36 మిగిలింది. డెబ్బై నాలుగు కిలోమీటర్లకు 64 శాతం అంటే 13, 14 యూనిట్లు. కిలోమీటరుకు 0.19 దాకా పడింది. ఈ లెక్కన లోడుతో నూరు, నూటపది కిలోమీటర్లు దాటి ఆశ పెట్టుకోకూడదు.

రాత్రి తెలిసినవాళ్ల రైస్ మిల్లులో 15 ఆంప్స్ ప్లగ్గుకు చార్జింగ్ పెట్టి, బియ్యం మూటల మీద కూర్చుని డబ్బు లెక్క వేశాం. నా డీజిల్ బండి లోడుతో లీటరుకు 17 కిలోమీటర్లు ఇస్తుంది. వంద కిలోమీటర్లకు ఆరు లీటర్లు, లీటరు 97 చొప్పున 570 రూపాయల పైన. అదే దూరానికి ఈ బండి 20 యూనిట్లు తింటుంది, చార్జింగ్‌లో పోయే పదో వంతు కలిపితే 22. ఇంటి దగ్గర యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 176. రోజుకు వంద కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగితే పది వేలకు కొంచెం తక్కువ మిగులుతుంది. బండి ధరలో ఎక్కువ పెట్టిన నాలుగైదు లక్షలు నాలుగేళ్లలో తిరిగొస్తాయి. అదే హైవే మీద ఫాస్ట్ చార్జర్లో యూనిట్ 20 రూపాయలకు కొంటే 440 అవుతుంది, అప్పుడు మిగిలేది నూటముప్పై. రోజుకు యాభై కిలోమీటర్లే తిరిగితే కంతులకు సరిపోదు. వంద దాటి తిరిగితే బయట చార్జింగ్ తప్పదు. కాబట్టి వీడికి కావలసిన రూటు ఈ రెంటి మధ్యలో ఉండాలి. దాన్ని వెతుక్కుంటూ పోవడమే మిగతా ప్రయాణం.

మంగళవారం, బేతంచెర్ల మీదుగా గుత్తి

పాణ్యం దాటి బేతంచెర్ల దారి పట్టాం. ఊరు దగ్గరపడే కొద్దీ రోడ్డుకు రెండు వైపులా బండల ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. కోత మిషన్ మీద ఆపకుండా నీళ్లు పడుతుంటాయి, కింద బూడిద రంగు బురద పారుతుంటుంది, పని చేసేవాళ్ల లుంగీలు మోకాళ్ల దాకా తడిసి ఉంటాయి. మన ఇళ్లలో చల్లగా కాళ్లకు తగిలే నాపరాయి ఇంత చెమట మీద వస్తుంది.

గుత్తిలో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయనకు ఒక టన్ను పలకలు కావాలి. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న పలక ఒక్కటి పాతిక కిలోలు తూగుతుంది. టన్నుకు నలభై పలకలే. బండిలో చూస్తే ఖాళీ చాలా కనపడుతుంది. అక్కడే గొడవ. "ఇంకో నలభై వేస్తా తీస్కపోండన్నా, డీజిల్ బండ్లోళ్లంతా రెండు టన్నులు కొడ్తారు కదా" అన్నాడు మేస్త్రీ. మా వాడు నా వైపు చూశాడు. వద్దన్నాను.

ఓవర్‌లోడ్ మన దగ్గర ఎంత అలవాటైపోయిందంటే, కాగితం ప్రకారం మోసే డ్రైవర్‌ను చేతకానివాడిలా చూస్తారు. బాడుగ తక్కువ, అందుకని బరువు ఎక్కువ. బరువు ఎక్కువైతే కమాన్ పట్టీలు విరుగుతాయి, టైర్లు పేలతాయి, బ్రేకు పట్టదు. డీజిల్ బండిలో ఈ ఖర్చు నెలాఖరుకు తెలుస్తుంది. కరెంటు బండిలో అదే రోజు, అదే రోడ్డు మీద తెలుస్తుంది: గమ్యం ముప్పై కిలోమీటర్లు ఉండగానే చార్జ్ అయిపోతుంది. ఆ మాట మేస్త్రీకి చెప్తే ఆయన ఒప్పుకున్నాడు, అయితే బాడుగ మాత్రం టన్నుకే ఇస్తానన్నాడు. అది న్యాయమే.

పలకలను పడుకోబెట్టి పేర్చరు. అంచు మీద నిలబెట్టి, కాస్త వాలుగా, మధ్య మధ్య వరిగడ్డి పెట్టి, చివర చెక్క ముక్కలతో బిగిస్తారు. పడుకోబెడితే ఒక్క గుంత చాలు, కింది పలకలు పగిలిపోతాయి. ఇద్దరు హమాలీలు ఒక్కో పలకను తొడ మీద ఆనించి, చేతులు మార్చుకుంటూ ఎక్కించారు. పలకల ఎంపిక, కోత పూర్తి కావడం, ఎక్కింపు, కాటా, అన్నీ కలిపి దాదాపు మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ బండి ఒకే చోట నిలబడి ఉంది. ఫ్యాక్టరీకి త్రీఫేజ్ కరెంటు ఉంది, గోడకు ప్లగ్గు ఉంది. యజమానిని అడిగితే "దానికేముంది, పెట్టుకో అబ్బీ" అన్నాడు. బయలుదేరేటప్పటికి తొమ్మిది యూనిట్లు ఎక్కింది. అంటే లోడుతో నలభై ఐదు కిలోమీటర్ల దారి.

ఆ తొమ్మిది యూనిట్లే ఈ ప్రయాణంలో నాకు దొరికిన అసలైన పాఠం. సరుకు బండి రోజులో సగం సేపు ఆగే ఉంటుంది. లోడు కోసం, హమాలీల కోసం, వేలం కోసం, కాటా కోసం. ఆ ఆగిన వేళలో చార్జింగ్ పెట్టగలిగితే బండికి విడిగా టైము వృథా కాదు. ఫాస్ట్ చార్జర్ కూడా అక్కర్లేదు, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న ఒక 15 ఆంప్స్ ప్లగ్గు చాలు.

డోన్ దగ్గర 44వ నంబరు హైవే ఎక్కాం. హైదరాబాదు, బెంగళూరు లారీలన్నీ పక్కనుంచి దూసుకుపోతుంటాయి. మా వాడు 50 దాటలేదు. 50లో పోయేదానికీ 70లో పోయేదానికీ గాలి వత్తిడి దాదాపు రెట్టింపు తేడా, వెనక పట్ట సరిగ్గా బిగించకపోతే ఇంకా ఎక్కువ. ఒకచోట పట్ట రెపరెపలాడుతుంటే ఆపి మళ్లీ కట్టాడు. ఇంజను చప్పుడు లేకపోవడంతో తాడు వదులైన కిర్రు శబ్దం కూడా క్యాబిన్‌లోకి వినపడుతుంది. నా బండ్లలో ఇన్నేళ్లూ నేను వినని శబ్దం అది. లోడు కదిలితే ముందే తెలియడం ఎంత మేలో బండి తోలేవాళ్లకు చెప్పక్కర్లేదు.

గుత్తి చేరేసరికి చీకటి పడింది. ఒక్క పలక కూడా పగల్లేదు.

బుధవారం, గార్లదిన్నె – అనంతపురం

గుత్తి కోట కొండను వెనక వదిలి, పామిడి దగ్గర పెన్న దాటి గార్లదిన్నె వైపు ఒక చీనీ (బత్తాయి) తోటకు వెళ్లాం. వేసవి కాయకు ధర ఉంటుంది కాబట్టి రైతులు ఈ నెలల్లో తోట దగ్గరే కాపలా పడుకుంటారు. తోటలోకి దారి అంటే ఎద్దుల బండి జాడే. ఎర్రమట్టి, మధ్యలో డ్రిప్ పైపుల కోసం తవ్విన కాలువ, దాని మీద రెండు బండరాళ్లు.

ఇక్కడ బండి సత్తా చూశాను. కాయ ఎక్కించాక ఆ కాలువ గట్టు ఎక్కాలి. డీజిల్ బండి అయితే క్లచ్ సగం నొక్కి, ఇంజను అరిపించి, ప్లేటు కాలిన వాసన వచ్చేదాకా లాగించాలి. మోటారుకు ఆ బాధ లేదు. చక్రం తిరగడం మొదలుపెట్టే క్షణంలోనే దాని పూర్తి లాగుడు బలం చేతిలో ఉంటుంది. మా వాడు మెల్లగా కాలు ఆనించాడు, బండి అంగుళం అంగుళం గట్టు ఎక్కి దిగింది. చూస్తున్న రైతు "ఓయప్పా, మాట్లాడకుండా ఎక్కేసె కదా!" అన్నాడు. ఆయన కొడుకు అప్పటికే ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

కాయను కింద గడ్డి పరిచి పోగుగానే పోశారు. చీనీని బలంగా కుదిపితే తొక్క కింద నూనె తిత్తులు చితికి మచ్చ పడుతుంది, మండీలో మచ్చ కాయను పక్కకు తీస్తారు. గేరు మార్చే కుదుపు లేకపోవడం ఈ సరుకుకు బాగా పనికొచ్చింది.

అనంతపురం మార్కెట్ యార్డులో కాయను కుప్ప పోసి, వేలం కోసం కూర్చున్నాం. అక్కడే బండ్లవాళ్లంతా చుట్టూ చేరారు. అందరూ అడిగింది ఒకటే. "లోడు లాగుతుందా?" ఆ తర్వాతిది "ఎంతొచ్చింది?", ఆ తర్వాత "బ్యాటరీ పోతే?" బ్యాటరీ గురించి మా వాడు ఓపిగ్గా చెప్పాడు. ఇలాంటి బండ్లకు కంపెనీలు ఏళ్ల వారంటీ ఇస్తున్నాయి, ఎన్ని కిలోమీటర్లకో కూడా రాసిస్తున్నాయి, ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దన్నాడు. మధ్యవయసు డ్రైవరొకాయన మాత్రం నన్ను పక్కకు పిలిచి అడిగింది నా మనసులో ఉండిపోయింది. "అన్నా, నాకు సొంత ఇల్లు లేదు. అద్దె ఇంట్లో మూడో అంతస్తు. బండి రోడ్డు మీద పెట్టుకుంటా. నేను యాడ చార్జింగ్ పెట్టుకోవల్ల?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మన ఊళ్లలో బాడుగ బండి తోలేవాళ్లలో ఎక్కువమంది ఆయనలాంటివాళ్లే. ఈ బండి వల్ల ఎక్కువ మేలు జరగాల్సింది వాళ్లకు. కానీ ఇప్పటికి అందుతున్నది సొంత గేటు, సొంత మీటరు ఉన్నవాడికి. కేంద్రం 2024 అక్టోబరు నుంచి నడుపుతున్న పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 10,900 కోట్లు పెట్టారు. అందులో టూవీలర్లు, ఆటోలు, బస్సులు, పెద్ద ట్రక్కులకు చోటిచ్చారు. ట్రక్కు అంటే 3.5 టన్నుల పైబడినది. నడుమన మిగిలిపోయిన ఈ చిన్న నాలుగు చక్రాల బండికే అందులో చోటు లేదు. ఊళ్లలో ఇంటింటికీ సరుకు చేర్చేది ఇదే కదా అని నాకు బాధగా ఉంది.

వేలం ముగిసేసరికి మధ్యాహ్నం దాటింది. సూటు కింద, అంటే తరుగు పేరుతో, తీసే కాయ గురించి రైతుకూ వ్యాపారికీ మాటల యుద్ధం నడిచింది, అది వేరే కథ. ఈలోపు బండి నాలుగు గంటలు ఎండలో ఊరికే నిలబడింది. యార్డులో మాకు ప్లగ్గు దొరకలేదు. కాపలా గదిలో ఉన్నది ఫ్యాను, ఫోను చార్జర్‌కు పనికొచ్చే చిన్న పాయింటు. ఇంత పెద్ద యార్డు, ఇన్ని రేకుల షెడ్లు, వాటి మీద మార్చి నెల ఎండ. ఆ రేకుల నిండా సోలార్ పలకలు, కింద వరసగా పది ప్లగ్గులు పెడితే తోట నుంచి కాయ తెచ్చే బండ్లన్నీ వేలం అయ్యేలోపు తిరుగు దారికి కరెంటు నింపుకుని పోతాయి. పాతిక, ముప్పై కిలోమీటర్ల తోటలకు, రోజుకు రెండు ట్రిప్పులకు ఇంతకంటే సరిపడే బండి నాకు కనపడలేదు. మా వాడు అనంతపురంలో ఉండి ఉంటే ఇక్కడే ఆగిపొమ్మనేవాణ్ని.

గురువారం, తాడిపత్రి

ఖాళీ బండితో బయలుదేరాం. లోడు లేకపోతే కిలోమీటరుకు 0.13 యూనిట్లకు దిగింది. ముచ్చుకోట దగ్గర మిట్టలు ఎక్కినా పెద్దగా తినలేదు.

తాడిపత్రి వైపు మేం నమ్ముకున్నది ఒక ఫాస్ట్ చార్జర్. యాప్‌లో ఖాళీ అని చూపించింది. వెళ్లి చూస్తే బండికి తగిలించే చార్జింగ్ గన్నుల్లో ఒకటి పనిచేయడం లేదు, రెండోదాని ముందు ఎవరిదో కారు పెట్టి తాళం వేసుకుని భోజనానికి పోయారు. పైన రేకుల కప్పు కారు ఎత్తుకు కట్టారు. మా బండికి తాడు కట్టే ఇనుప చట్రం ఎత్తు ఎక్కువ, కప్పు కిందికి పోదు. కేబులు లాగితే బయటికి అందదు. ఆ కారాయన వచ్చాక ఆయనే పాపం నొచ్చుకుని వెంటనే తీశారు, బండిని అడ్డంగా పెట్టి ఎలాగో అందించాం. అప్పటికి గంటన్నర పోయింది. సొంత పని మీద వెళ్లే మనిషికి గంటన్నర అంటే విసుగు. బాడుగ బండికి అది ఒక ట్రిప్పు పోయినట్టు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో పికప్ అంటే పెద్ద బండి, వెనక ట్రైలర్ తగిలించి ఇంటి సామాను, గుర్రాలు, పడవలు, మట్టి తవ్వే మిషన్లు లాగుతారు. ఫోర్డ్ కంపెనీ 2022లో అమ్మకానికి తెచ్చిన ఎఫ్-150 లైట్నింగ్ అనే ఎలక్ట్రిక్ పికప్ నాలుగున్నర టన్నుల దాకా లాగుతుంది. బలానికి లోటు లేదు. అయితే ఎత్తైన పెట్టెలాంటి ట్రైలర్ తగిలిస్తే ఒక్క చార్జికి పోయే దూరం సుమారు సగానికి పడిపోతుందని అక్కడ నడిపి చూసినవాళ్లు తేల్చారు. బరువు కంటే గాలికి ఎదురు నిలిచే ఆ పెట్టె వెడల్పే ఎక్కువ తినేది. పైగా చాలా చార్జింగ్ స్టేషన్లలో చోటు కారుకు సరిపడా మాత్రమే ఉంటుంది. ట్రైలర్ విప్పి పక్కన పెట్టి, చార్జ్ చేసుకుని, మళ్లీ వచ్చి తగిలించుకోవాలి. పెట్రోలు బంకులో మాదిరి బండి ఇటు నుంచి వచ్చి అటు వెళ్లిపోయేట్టు కట్టిన చార్జింగ్ చోట్లు తక్కువ. అంటే అక్కడైనా ఇక్కడైనా చార్జర్ కట్టేటప్పుడు కళ్ల ముందు పెట్టుకున్నది కారునే, పని చేసే బండిని కాదు.

సాయంత్రం పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి వెళ్లాం. ఆ గోపురాల రాతి పని చూస్తూ మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఈ రాళ్లు ఏ బండి మీద తెచ్చుంటారు మామా" అన్నాడు చివరికి.

శుక్రవారం, కడప

కొండాపురం, ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా కడప. లోడు రెండు వందల కిలోలకు మించలేదు, టెన్షన్ లేదు. ముద్దనూరు దాటాక రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు పొగగొట్టాలు కనిపిస్తాయి. 1,650 మెగావాట్ల బొగ్గు కరెంటు. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే మన బండిలోకి వచ్చేదాంట్లో ఇలాంటి బొగ్గు కరెంటు వాటా పెద్దది. పగలు పెడితే ఓర్వకల్లులాంటి చోట్ల ఎండ కరెంటు వాటా పెరుగుతుంది. అందుకని కూడా పగలు లోడు దగ్గర చార్జింగ్ దొరకడం నాకు ముఖ్యంగా తోస్తోంది.

ఇంటికి చేరగానే అక్క బండికి కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చింది. మీటరు బోర్డు చూశాను. ఇంటి మీటరు మీదే బండికి పెడితే నెలకు 400 యూనిట్లు ఇట్టే దాటుతుంది, దాటిన యూనిట్‌కు 9.75 పడుతుంది. వాహనాల చార్జింగ్ కేటగిరీలో వేరే మీటరు తీసుకుంటే ఏడు రూపాయల లోపే. సోమవారం అర్జీ పెట్టమని చెప్పాను.

శనివారం, గువ్వలచెరువు ఘాటు

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. కర్నూలు నుంచి చిత్తూరు మీదుగా రాణిపేట పోయే 40వ నంబరు హైవే ఇదే. మలుపుల దగ్గర లారీలు పడిపోయిన వార్తలు చదివి చదివి అందరికీ తెలిసిన ఘాటు. ఘాటు దాటాక ఊరు, ఊరంతా పాలకోవా అంగళ్లు. ఒక కోవా అంగడికి చక్కెర, ఖాళీ డబ్బాలు, ఇంకో రెండు అంగళ్లకు సరుకు, మొత్తం దాదాపు టన్ను వేసుకుని పొద్దున్నే బయలుదేరాం. ఇది మోయగలిగితే ఇంకేదైనా మోస్తుందని నా నమ్మకం.

కడప దాటేటప్పుడు చార్జ్ 92 ఉంది. ఘాటు మొదలయ్యాక మా వాడు 30లో పోనిచ్చాడు. లెక్క నేను ముందే వేసుకున్నాను: బండి, లోడు కలిపి రెండు టన్నులను వంద మీటర్ల ఎత్తుకు లేపాలంటే అర యూనిట్ పైన కావాలి. అది ఏ బండైనా కట్టాల్సిన పన్ను, తప్పించుకోలేం. ముందు ఒక గ్రానైట్ లారీ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. దాని వెనకే ఆగి ఆగి పోవాల్సి వచ్చింది. ఏటవాలులో ఆపి మళ్లీ ఎత్తేటప్పుడు బండి వెనక్కి జారలేదు, వణకలేదు. ఊరు చేరేసరికి 59.

ఒక మలుపులో చెడిపోయిన ఎలక్ట్రిక్ కారును రికవరీ వ్యాన్ మీదికి ఎక్కిస్తున్నారు. నాలుగు చక్రాలూ పైన ఉండేట్టు పడక మీద ఎక్కించారు, అదే సరైన పద్ధతి. కరెంటు బండిని తాడు కట్టి నేల మీద ఈడ్చకూడదు. మోటారుకు కలిసిన చక్రాలు తిరిగితే మోటారు తనంతట తాను కరెంటు పుట్టిస్తుంది, లోపలి భాగాలు వేడెక్కి పాడవుతాయి. రోడ్డు మీద సాయానికి వచ్చేవాళ్లు మంచి మనసుతో తాడు కట్టేస్తారు. అందుకని మా వాడికి గట్టిగా చెప్పాను: ఎవరు చెప్పినా ఈడ్పించొద్దు, వ్యాన్ వచ్చేదాకా ఆగు.

సరుకు దించి తిరుగు ప్రయాణం. ఘాటు దిగేటప్పుడే అసలు సంగతి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసి దిగే డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంజను పట్టు లేక బరువంతా బ్రేకుల మీద పడుతుంది, డ్రమ్ములు ఎర్రగా కాగుతాయి, ఆఖరి మలుపులో బ్రేకు పట్టదు. ఈ ఘాటులో ఎన్ని ఇళ్ల దీపాలు ఆరిపోయాయో. కరెంటు బండిలో యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారే జనరేటరైపోయి బండిని వెనక్కి పట్టుకుంటుంది, పుట్టిన కరెంటును బ్యాటరీకి పంపుతుంది. కిందికి దిగేసరికి చార్జ్ రెండు శాతం పెరిగింది. రెండు శాతం డబ్బు లెక్కకు ఏమంత కాదు. ఆపి దిగి వెనక చక్రం డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. నా బండి అయితే అక్కడ చెయ్యి పెట్టలేం. నాకు విలువైనది అదే. ఒక్క జాగ్రత్త: కొండ మీద బ్యాటరీ పూర్తిగా నింపుకుని దిగితే ఆ కరెంటు పోవడానికి చోటుండదు, మోటారు పట్టు తగ్గుతుంది. పైన చార్జింగ్ పెట్టినా 90 దగ్గర ఆపాలి.

మధ్యాహ్నం మళ్లీ ఘాటు ఎక్కాం, ఈసారి మాట్లాడుకోవడానికి. కోవా అంగడి అవ్వకు రోజూ పొద్దున చక్కెర, సామాను రావాలి, సాయంత్రం కోవా కడపకు పోవాలి. పోనూ రానూ అరవై కిలోమీటర్లలోపు, కడపలో అంగళ్లు తిరగడానికి ఇంకో పాతిక. మేం వెతుకుతున్న లెక్కకు సరిగ్గా సరిపోతుంది. పాలు మరిగి కోవా అయ్యేదాకా బండి మూడు నాలుగు గంటలు అంగడి ముందే ఆగాలి. పెద్ద బాణలిలో పాలు అడుగంటకుండా తిప్పుతూనే ఆమె బేరం చేసింది.

"బాడుగ సరే నాయనా. ఆ ప్లగ్గుకు కరెంటు బిల్లు ఎవరు కట్టల్ల?"

"నేనే కడతా అవ్వా. చిన్న మీటరు పెట్టుకుంటా, ఎన్ని యూనిట్లు తిరిగితే అన్నిటికీ నెలాఖరుకు లెక్క కట్టిస్తా. గోడకు పాయింటు మాత్రం పెట్టనీ."

"వాన పడితే షాకు కొట్టదు కదా?"

ఆమె అడిగింది సరైన ప్రశ్న. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడిగా ఎర్తింగ్, మూత ఉన్న సాకెట్, లీకేజీ ఉంటే పడిపోయే బ్రేకరు, ఇవన్నీ ఉంటేనే పెడతామని నేను మాటిచ్చాను. ఆమె కొడుకు పక్క వీధి నుంచి ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకొచ్చాడు. అతను బోర్డు నుంచి వసారా గోడ దాకా టేపు పట్టి కొలిచి, ఎర్తింగ్ గుంత ఎక్కడ తవ్వాలో సుద్దతో గీత గీశాడు. సామాను చీటీ రాసి మా వాడి చేతికిచ్చాడు. ఆ సామాను రాయచోటిలో కొనడానికి అటే బయలుదేరాం.